పాత కార్ల పునరుద్ధరణలో అసలుతనం

పాత కార్ల పునరుద్ధరణ అనగా చాలాకాలం క్రితం తయారై, పాడుబడిన లేదా అరిగిపోయిన మోటారు కారును తిరిగి నడిచే స్థితికి, చూడదగిన రూపానికి తీసుకురావడం. ఈ పనిలో రెండు దృక్పథాలు ఉన్నాయి. కారు కర్మాగారం నుండి వెలువడిన నాటి రూపాన్ని, భాగాలను వీలైనంతవరకు మార్చకుండా నిలపాలన్నది ఒకటి. కారు ఉన్నది నడిపి ఆనందించడానికే కాబట్టి బ్రేకులు, ఇంజను, రంగు, సీట్లు మొదలైనవాటిని యజమాని తన అవసరానికి, అభిరుచికి తగినట్లు మార్చుకోవచ్చునన్నది రెండవది. మొదటి దృక్పథంలో ప్రధానమైన విలువను అసలుతనం అంటారు. ఈ రెండింటిలో దేనిని ఎంచుకోవాలన్నది కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాదు. కారు చారిత్రక విలువ, దాని ధర, నడిపేవారి భద్రత, చట్టప్రకారం దానికి లభించే గుర్తింపు ఆ ఎంపికపై ఆధారపడి ఉంటాయి. పైగా ఒకసారి చేసిన కొన్ని మార్పులను తిరిగి సరిదిద్దడం ఎవరికీ సాధ్యం కాదు.

పదజాలం

ఈ రంగంలో వాడే మాటలు ఒకదానితో ఒకటి కలిసిపోయినట్లు కనిపించినా, వాటి మధ్య స్పష్టమైన తేడాలు ఉన్నాయి.

పరిరక్షణ: కారు ఉన్న స్థితిలోనే దానిని కాపాడడం. తుప్పు మరింత వ్యాపించకుండా ఆపడం, చిరిగిన సీటు ఇంకా చిరగకుండా చూడడం వంటివి ఇందులోకి వస్తాయి. పాత రంగును, పాత తోలును తొలగించరు.

మరమ్మత్తు: చెడిపోయిన భాగాన్ని బాగుచేయడం, లేదా అటువంటి మరొక భాగాన్ని అమర్చడం.

పునరుద్ధరణ: కారును పూర్తిగా గాని, కొంతవరకు గాని విప్పి, ఒక నిర్ణీత కాలంలో అది ఎలా ఉండేదో ఆ స్థితికి తీసుకురావడం. కొత్త రంగు, కొత్త క్రోమియం పూత, కొత్త సీట్లు సాధారణంగా ఇందులో భాగాలు.

రెస్టోమాడ్: బయటి రూపం పాతదిగానే ఉంచి, లోపల ఆధునిక ఇంజను, బ్రేకులు, ఎయిర్ కండిషనర్ వంటివి అమర్చడం. పునరుద్ధరణ, మార్పు అని అర్థమిచ్చే రెండు ఆంగ్ల పదాల కలయిక ఇది.

ప్రతికృతి: పాత కారును పోలినట్లు కొత్తగా తయారుచేసిన కారు. మొదట తయారుచేసిన సంస్థే అనేక సంవత్సరాల తరువాత పాత నమూనాలో మళ్ళీ తయారుచేస్తే దానిని కొనసాగింపు కారు అంటారు. 1957 ఫిబ్రవరిలో జాగ్వార్ సంస్థ బ్రౌన్స్ లేన్ కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదంలో తొమ్మిది ఎక్స్‌కెఎస్‌ఎస్ కార్లు కాలిపోయాయి. వాటికి బదులుగా మరో తొమ్మిది కార్లు తయారుచేస్తామని ఆ సంస్థ 2016లో ప్రకటించడం ఇందుకు ఉదాహరణ.

సరిపోలే సంఖ్యలు: ఛాసిస్, ఇంజను, గేరుబాక్సు మొదలైన వాటిపై ముద్రించిన సంఖ్యలు కర్మాగారపు పుస్తకాలలో ఆ కారుకు నమోదైన సంఖ్యలతో సరిపోవడం. పాత కార్ల కొనుగోలుదారులు మొట్టమొదట పరిశీలించే విషయాలలో ఇది ఒకటి.

చరిత్ర

"పాత ఒక రోత, కొత్త ఒక వింత" అన్న సామెత మోటారు కార్ల విషయంలో చాలాకాలం అక్షరాలా నిజమైంది. ఇరవయ్యవ శతాబ్దపు మొదటి దశాబ్దాలలో పదేళ్ళు దాటిన కారుకు విలువ ఉండేది కాదు. వాటిలో ఎక్కువ భాగం తుక్కుగా మారాయి.

పాత కార్లపై ఆసక్తి మొదట బ్రిటన్‌లో స్పష్టంగా కనిపించింది. 1896లో లండన్ నుండి బ్రైటన్‌కు జరిగిన మోటారు కార్ల యాత్రకు జ్ఞాపకంగా 1927లో పాత కార్ల యాత్ర మొదలయింది. ఇందులో 1905కు ముందు తయారైన కార్లు పాల్గొంటాయి. 1934లో వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్, 1935లో అమెరికాలో యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఏర్పడ్డాయి. 1953లో విడుదలైన "జెనీవీవ్" అనే బ్రిటిష్ హాస్యచిత్రం పాత కార్ల సరదాను సామాన్య ప్రేక్షకులకు దగ్గర చేసింది. ఆ కాలంలో పునరుద్ధరణ అంటే కారును నడిపించగలగడమే. దొరికిన భాగాన్ని అమర్చేవారు, నచ్చిన రంగు వేసేవారు.

1950లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పెబుల్ బీచ్ ప్రదర్శన మొదలయింది. ఇటువంటి ప్రదర్శనలలో న్యాయనిర్ణేతలు కారులోని ప్రతి భాగాన్ని పరిశీలించి మార్కులు వేస్తారు. పోటీ పెరిగినకొద్దీ కార్లు అద్దంలా మెరవసాగాయి. కొన్ని దశాబ్దాల తరువాత దీనికి ప్రతిస్పందనగా, ఎవరూ ముట్టుకోని కార్లకు విలువ పెరిగింది. "కారు ఒక్కసారే అసలైనదిగా ఉంటుంది" అన్న మాట సేకరణకర్తలలో నానుడిగా మారింది. 2001లో పెబుల్ బీచ్‌లో పునరుద్ధరణ జరగని కార్లకు ప్రత్యేక విభాగం ఏర్పాటు చేశారు. 2024లో ఆ విభాగానికి చెందిన 1934 నాటి బుగాటి టైప్ 59 కారుకు మొత్తం ప్రదర్శనలో అత్యుత్తమ బహుమతి లభించింది. పునరుద్ధరణ జరగని కారుకు అక్కడ ఈ బహుమతి రావడం అదే మొదటిసారి. గ్రాండ్ ప్రి పందేల కొరకు తయారైన ఈ కారు ఒకప్పుడు బెల్జియం రాజు మూడవ లియోపోల్డ్ వద్ద ఉండేది.

అసలుతనం వైపు వాదన

అసలుతనాన్ని కోరేవారి ప్రధాన వాదన ఏమిటంటే, పాత కారు ఒక చారిత్రక ఆధారం. ఏ కాలంలో ఏ లోహాన్ని వాడారు, రేకును ఎలా వంచారు, కుట్టుపని ఎలా చేశారు, రంగు ఎన్ని పొరలు వేశారు అన్న విషయాలకు ఆ కారే సాక్ష్యం. కర్మాగారపు పుస్తకాలలో ఈ వివరాలన్నీ ఉండవు. ఉదాహరణకు 1920లకు ముందు కార్లకు వార్నిష్ రంగులు కుంచెతో అనేక పొరలుగా వేసేవారు. అవి ఆరడానికి రోజులు, ఒక్కొక్కసారి వారాలు పట్టేది. 1924 నుండి వాడుకలోకి వచ్చిన డ్యూపాంట్ సంస్థ "డ్యూకో" నైట్రోసెల్యులోజ్ రంగు గంటలలో ఆరిపోయేది. కార్ల ఉత్పత్తి వేగం పెరగడానికి ఇది కూడా ఒక కారణం. ఇటువంటి పాత రంగును గీకివేసి ఆధునికమైన పాలీయురేథేన్ రంగు వేస్తే కారు అందంగా కనిపించవచ్చు. కాని ఆ సాంకేతిక చరిత్రకు సాక్ష్యం ఆ కారులో ఇక ఉండదు. ఛాయాచిత్రం చూసి రంగును అనుకరించవచ్చు గాని, పోయిన పొరను తిరిగి తీసుకురాలేము.

రెండవ వాదన వాడకపు గుర్తులకు సంబంధించినది. స్టీరింగు మీద చేతులు పట్టిన చోట అరుగుదల, పెడలు మీద నునుపు, పందెంలో తగిలిన సొట్ట ఆ కారు జీవితాన్ని చెబుతాయి. శాసనం చెక్కిన రాతిని నునుపు చేస్తే రాయి శుభ్రపడుతుంది, శాసనం పోతుంది. పాత కారుపై అన్ని గుర్తులను చెరిపివేయడం కూడా అటువంటిదేనని వీరి అభిప్రాయం.

మూడవది ఆర్థిక కారణం. ఒకే నమూనాకు చెందిన రెండు కార్లలో అసలు ఇంజను, అసలు బాడీ, పూర్తి పత్రాలు ఉన్నదానికి ఎక్కువ ధర పలకడం సాధారణం. 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో జరిగిన ఒక వేలంలో, పశ్చిమ ఫ్రాన్స్‌లోని ఒక ఎస్టేటులో దశాబ్దాల పాటు పాత పత్రికల కట్టల కింద పడి ఉన్న ఫెరారి 250 జిటి కాలిఫోర్నియా స్పైడర్ కారుకు సుమారు 1.63 కోట్ల యూరోల ధర లభించింది. ఈ కారు ఒకప్పుడు ఫ్రెంచి నటుడు అలెన్ డెలాన్‌ది. వేలానికి ముందు దానిని కడిగి మెరుగుపెట్టలేదు, దుమ్ముతోనే ప్రదర్శించారు. అసలైన స్థితిని ధ్రువీకరించడం ఒక వృత్తిగా కూడా మారింది. ఫెరారి సంస్థ 2006లో ఇందుకొరకు "ఫెరారి క్లాసికే" అనే ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది.

వినియోగం వైపు వాదన

ఎదుటి పక్షం వాదనకు కూడా బలమైన ఆధారాలు ఉన్నాయి. కారు నడవడానికి తయారైన యంత్రం. నిలిపి ఉంచిన కారు కూడా పాడవుతూనే ఉంటుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుని లోపలి సిలిండర్లను తుప్పు పట్టిస్తుంది. రబ్బరు సీళ్ళు ఎండి పగులుతాయి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురుగా మారి కార్బ్యురేటర్ రంధ్రాలను మూసివేస్తుంది. ఒకే చోట బరువు పడిన టైర్లు ఆకారం కోల్పోతాయి. ఎలుకలు వైర్లను కొరుకుతాయి. కాబట్టి అప్పుడప్పుడు నడపడం కూడా పరిరక్షణలో భాగమే.

నడిపేటప్పుడు మొదట వచ్చే ప్రశ్న భద్రత. పాత కార్లు తక్కువ వాహనాలు, తక్కువ వేగం ఉన్న రోడ్ల కొరకు తయారైనవి. నాలుగు చక్రాలకు డ్రమ్ము బ్రేకులు, మసక వెలుతురు లైట్లు, సీటు బెల్టులు లేని సీట్లు వాటిలో సామాన్యం. మూడు బిందువుల సీటు బెల్టును వోల్వో సంస్థ ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందించగా 1959లో ఆ సంస్థ కార్లలో అమర్చడం మొదలయింది. అంతకుముందు తయారైన కారులో పిల్లలను ఎక్కించుకుని ప్రయాణించే యజమాని సీటు బెల్టులు అమర్చుకుంటే దానిని తప్పుపట్టేవారు తక్కువ. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. దాని ధూళి ఊపిరితిత్తుల వ్యాధులకు కారణమవుతుంది. అసలుతనం పేరుతో ఆస్‌బెస్టాస్ లైనింగులే కావాలని కోరడం సమంజసం కాదు.

రెండవ ప్రశ్న ఇంధనానిది. పాత ఇంజన్లలో పోత ఇనుముతో చేసిన వాల్వు సీట్లకు పెట్రోలులో కలిపిన సీసం రక్షణగా ఉండేది. భారతదేశంలో 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. సీసం లేని పెట్రోలుతో ఎక్కువ వేగంలో, ఎక్కువ బరువుతో నడిపితే ఆ సీట్లు త్వరగా అరుగుతాయి. అందువల్ల సిలిండర్ హెడ్డును విప్పినప్పుడు గట్టి లోహపు సీట్లు అమర్చడం పరిపాటి అయింది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం సాధారణమయింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత రకపు రబ్బరు గొట్టాలను, కార్కు గ్యాస్కెట్లను దెబ్బతీస్తుంది. గొట్టం పగిలి పెట్రోలు కారితే కారు అంటుకునే ప్రమాదం ఉంది. కాబట్టి నడిచే పాత కారులో ఇంధన గొట్టాలను ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చడం అభిరుచి కాదు, అవసరం.

మూడవది అనుబంధం. చాలామంది పాత కారును పెట్టుబడిగా గాని, పరిశోధన వస్తువుగా గాని చూడరు. తండ్రి నడిపిన కారు, ఊరిలో పెళ్ళిళ్ళకు తిరిగిన కారు కావడం వల్లనే దానిని బాగుచేయించుకుంటారు. వారికి కారులో కూర్చుని నలుగురితో కలిసి వెళ్ళడమే ముఖ్యం. ప్రతి మరను కర్మాగారపు నమూనాలో వెదికించడానికి అయ్యే ఖర్చు వారికి భారం. అటువంటి నియమం విధిస్తే వారిలో చాలామంది కారును తుక్కు కొట్టుకు అమ్మివేస్తారు. దానివల్ల అసలుతనమూ మిగలదు, కారూ మిగలదు.

అతి పునరుద్ధరణ

అసలుతనం కోరేవారు విమర్శించేది మార్పులను మాత్రమే కాదు. కర్మాగారంలో ఎన్నడూ లేనంత మెరుగుతో కారును తయారుచేయడాన్ని కూడా వారు తప్పుగానే భావిస్తారు. దీనిని అతి పునరుద్ధరణ అంటారు. సామూహిక ఉత్పత్తి కార్లలో తలుపుల మధ్య సందులు సమానంగా ఉండేవి కావు. రంగు ఉపరితలం నారింజ తొక్కలా కొద్దిగా గరుకుగా ఉండేది. కింది భాగాలకు నల్లరంగు పలుచగా కొట్టి వదిలేసేవారు. పోటీల కొరకు వీటన్నిటినీ నునుపు చేసి, రంగు వేయవలసిన భాగాలకు క్రోమియం పూత పూస్తే కారు బహుమతి గెలవవచ్చు గాని, ఆ కాలపు కారు ఎలా ఉండేదన్న ప్రశ్నకు తప్పు సమాధానం ఇస్తుంది. అమెరికాలో 1974లో ఏర్పడిన నేషనల్ కార్వెట్ రిస్టోరర్స్ సొసైటీ కారును కర్మాగారం నుండి వచ్చిన స్థితితో పోల్చి మార్కులు ఇస్తుంది. అంతకన్నా మెరుగ్గా ఉన్నా మార్కులు తగ్గవచ్చు.

ఏది అసలు కారు?

భాగాలన్నీ ఒక్కొక్కటిగా మారిపోతే కారు అదే కారా అన్న ప్రశ్న తత్వశాస్త్రంలో చాలా పాతది. గ్రీకు రచయిత ప్లూటార్క్ థీసియస్ ఓడ విషయంలో దీనిని ప్రస్తావించాడు. చెక్కలన్నీ మారిన ఓడ అదే ఓడ అని కొందరు, కాదని కొందరు వాదించేవారని వ్రాశాడు. మన దేశంలో పూరీ జగన్నాథుని రథాలను ప్రతి సంవత్సరం కొత్త కలపతో నిర్మిస్తారు. అయినా జగన్నాథుని రథం పేరు ఎప్పుడూ నందిఘోషమే. అక్కడ కొయ్యకన్నా సంప్రదాయపు కొనసాగింపు ప్రధానం.

మోటారు కార్ల విషయంలో ఈ ప్రశ్న 1990లో ఇంగ్లాండు హైకోర్టు ముందుకు వచ్చింది. బెంట్లీ సంస్థ "ఓల్డ్ నంబర్ వన్" అనే స్పీడ్ సిక్స్ కారు 1929, 1930 సంవత్సరాలలో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెంలో ప్రమాదానికి గురైంది. ఆ ప్రమాదంలో దానిని నడుపుతున్న క్లైవ్ డన్ఫీ మరణించాడు. తరువాత ఆ కారును పునర్నిర్మించారు. కాలక్రమంలో ఇంజను, ఛాసిస్, బాడీ మార్పులకు లోనయ్యాయి. 1990లో ఒక సంస్థ దానిని కోటి పౌండ్లకు కొనడానికి ఒప్పుకుని, అది అసలు కారు కాదంటూ వెనుదిరిగింది. న్యాయమూర్తి ఆటన్ విచారణలో 1929 నాటి భాగాలు చాలా తక్కువే మిగిలినట్లు తేలింది. అయినా ఆ కారు ఏనాడూ అంతరించి మళ్ళీ పుట్టలేదని, పందెం కారుగా మొదలై ఒకే చరిత్రతో కొనసాగిందని, కాబట్టి "ఓల్డ్ నంబర్ వన్" అన్న పేరుకు అదే అర్హమైనదని తీర్పు వెలువడింది. కొనుగోలుదారు ఒప్పందానికి కట్టుబడవలసి వచ్చింది. భాగాల అసలుతనం వేరు, కారు గుర్తింపు వేరు అన్న భేదాన్ని స్పష్టం చేసినందువల్ల ఈ తీర్పును తరచుగా ఉదహరిస్తారు.

భిన్న మార్గాలకు ఉదాహరణలు

ఏమీ చేయకపోవడం కూడా ఒక మార్గమేనని చెప్పడానికి మజ్జోరె సరస్సు బుగాటి మంచి ఉదాహరణ. 1925 నాటి ఈ టైప్ 22 బ్రెషా కారు స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులోని మజ్జోరె సరస్సు అడుగున దశాబ్దాల పాటు ఉండిపోయింది. 2009 జూలైలో డైవర్లు దానిని వెలికితీశారు. 2010 జనవరిలో పారిస్ వేలంలో 2,60,500 యూరోలకు అమ్ముడయింది. కాలిఫోర్నియాలోని మల్లిన్ ఆటోమోటివ్ మ్యూజియం దానిని తుప్పుపట్టిన స్థితిలోనే, ఒక శిల్పంలా ప్రదర్శించింది. ఆ మ్యూజియం 2024లో మూతపడింది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన మార్గం లాస్ ఏంజలెస్‌లో 2009లో స్థాపించబడిన సింగర్ సంస్థది. వారు 1989-1994 మధ్య తయారైన పోర్షా 911 కార్లను (964 శ్రేణి) తీసుకుని, పాత 911ను తలపించే రూపంతో, కొత్త బాడీ భాగాలతో, శక్తివంతమైన ఇంజన్లతో తిరిగి తయారుచేస్తారు. వాటికి ఎంతో గిరాకీ ఉన్నది. అయితే ప్రతిసారి ఒక అసలు 964 తగ్గిపోతున్నదని విమర్శకులు అంటారు.

2017లో జాగ్వార్ సంస్థ పాత ఇ-టైప్ కారులో విద్యుత్ మోటారు అమర్చి "ఇ-టైప్ జీరో" పేరుతో ప్రదర్శించింది. 2018 మే నెలలో బ్రిటిష్ యువరాజు హ్యారీ వివాహం రోజున నూతన దంపతులు ఇందులో ప్రయాణించారు. విద్యుత్ కారుగా మార్చడం వల్ల కాలుష్యం తగ్గుతుంది, పాత కార్లకు నగరాలలో ప్రవేశం సులభమవుతుంది. కాని ఇంజను శబ్దం, గేర్లు, వేడి లేని కారు ఆ పాత కారేనా అన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఈ రెండు కొసల మధ్య ఫిలడెల్ఫియాలోని సిమియోన్ మ్యూజియం ఒక దారి చూపింది. 2008లో ప్రారంభమైన ఈ మ్యూజియంలో పందెం కార్లను వీలైనంత అసలు స్థితిలో ఉంచుతూనే, నిర్ణీత రోజులలో వాటిని నడిపి చూపిస్తారు. అక్కడి 1964 నాటి షెల్బీ కోబ్రా డేటోనా కూపే 2014లో అమెరికా జాతీయ చారిత్రక వాహనాల పట్టికలో నమోదైన మొదటి కారు.

టూరిన్ ప్రకటన

పాత వాహనాల క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 1966లో ఏర్పడింది. కనీసం 30 సంవత్సరాల వయసు ఉండి, చారిత్రకంగా సరైన స్థితిలో కాపాడబడుతూ, రోజువారీ ప్రయాణానికి వాడని వాహనాన్ని చారిత్రక వాహనంగా ఈ సంస్థ నిర్వచిస్తుంది. పురాతన కట్టడాల పరిరక్షణ కొరకు 1964లో వెలువడిన వెనిస్ ప్రకటనను ఆదర్శంగా తీసుకుని, ఫివా వాహనాలకు టూరిన్ ప్రకటనను రూపొందించింది. ఇది 2013 నుండి అమలులో ఉన్నది. దానిలోని ముఖ్య సూత్రాలను ఇలా చెప్పవచ్చు.

చేసే పని వీలైనంత తక్కువగా ఉండాలి. పరిరక్షణ సరిపోయే చోట పునరుద్ధరణ చేయరాదు.

వాహనం తన జీవితకాలంలో పొందిన మార్పులు కూడా దాని చరిత్రలో భాగమే. దానిని తప్పనిసరిగా కర్మాగారం నుండి వచ్చిన రోజుకు తీసుకువెళ్ళవలసిన అవసరం లేదు.

భద్రత, చట్టం వంటి కారణాలతో మార్పు తప్పనిసరి అయితే, అది తిరిగి తొలగించడానికి వీలుగా ఉండాలి. తొలగించిన ముఖ్య భాగాలను వాహనంతోపాటే భద్రపరచాలి.

చేసిన ప్రతి పనిని వ్రాతపూర్వకంగా నమోదు చేయాలి.

వాహనాలను రోడ్లపై నడపడం వాటి పరిరక్షణకు, వాటికి సంబంధించిన నైపుణ్యం తరువాతి తరాలకు అందడానికి అవసరం.

చివరి సూత్రం గమనించదగినది. అసలుతనాన్ని కోరే సంస్థే వినియోగాన్ని కూడా సమర్థిస్తున్నది. అయితే విద్యుత్ మోటారు అమర్చిన కార్లు తమ నిర్వచనంలోకి రావని ఫివా 2019లో స్పష్టం చేసింది. మళ్ళీ విద్యుత్ పరికరాలు తీసివేసి పాత ఇంజను అమర్చగలిగేలా, పాత భాగాలన్నీ దాచి ఉంచాలని యజమానులకు సూచించింది.

చట్టాలు

అనేక దేశాలు అసలుతనాన్ని రాయితీలకు షరతుగా పెట్టాయి. జర్మనీలో 1997 నుండి 30 ఏళ్ళు దాటి, మంచి స్థితిలో, అసలు రూపానికి దగ్గరగా ఉన్న వాహనాలకు హెచ్ అక్షరంతో ముగిసే ప్రత్యేక నంబరు ఇస్తున్నారు. బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటి, గడచిన 30 ఏళ్ళలో ముఖ్యమైన మార్పులకు లోనుకాని వాహనాలకు 2018 మే 20 నుండి వార్షిక పరీక్ష మినహాయించారు.

భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో విభేదించే విధంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు ప్రకటించింది. మొదటిసారి నమోదైన తేదీ నుండి 50 సంవత్సరాలు దాటిన, వాణిజ్యానికి వాడని ద్విచక్ర వాహనాలు, కార్లు వీటి పరిధిలోకి వస్తాయి. వాహనం అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనులలో ముఖ్యమైన మార్పులు జరిగి ఉండరాదు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000 రూపాయలు రుసుము. కొత్త నంబరులో రాష్ట్రపు అక్షరాల తరువాత "విఎ" అన్న ఆంగ్ల అక్షరాలు ఉంటాయి. అప్పటికే నమోదైన వాహనాలు పాత నంబరును ఉంచుకోవచ్చు. నమోదు పది సంవత్సరాలు చెల్లుతుంది. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం నింపుకోవడం, మరమ్మత్తు వంటి పనులకు మాత్రమే వాటిని రోడ్డుపైకి తీసుకురావచ్చు.

భారతదేశంలో పరిస్థితి

భారతదేశంలో పాత కార్ల ప్రదర్శనలకు ఆరు దశాబ్దాల చరిత్ర ఉంది. స్టేట్స్‌మన్ పత్రిక ర్యాలీ 1964లో ఢిల్లీలో, 1968లో కలకత్తాలో మొదలయింది. మొదట ఇవి సంస్థానాధీశుల విదేశీ కార్లకు పరిమితమైనా, తరువాత దేశంలో తయారైన కార్లకు కూడా ఆదరణ పెరిగింది.

వీటిలో ముఖ్యమైనది హిందుస్తాన్ మోటార్స్ అంబాసిడర్. బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా 1950ల చివర మొదలైన దీని ఉత్పత్తి పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 మే వరకు సాగింది. రెండవది బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన ఫియట్ 1100. ఇదే తరువాత ప్రీమియర్ పద్మినిగా పేరు మారింది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మూడవది.

ఈ కార్లలో అసలుతనం నిలవడం కష్టం. ఇవి సంపన్నుల గ్యారేజీలలో దాగినవి కావు, దశాబ్దాల పాటు అద్దెకు తిరిగినవి, కార్యాలయాలకు పనిచేసినవి. డీజిలు చవకగా ఉన్న కాలంలో అనేక పెట్రోలు అంబాసిడర్లలో మెటాడోర్ వ్యాను డీజిలు ఇంజన్లు అమర్చారు. స్టీరింగు పక్కన ఉండే గేరు రాడ్డును నేలమీదికి మార్చడం, పొడవాటి సీటు తీసి విడి సీట్లు వేయడం ఆనాటి మెకానిక్ షెడ్లలో మామూలు పని. ఇప్పుడు అటువంటి కారును బాగుచేయించే యజమాని ముందు కఠినమైన ఎంపిక ఉంటుంది. డీజిలు ఇంజను కూడా ఆ కారు బ్రతుకుతెరువు చరిత్రలో భాగమే. కాని దానిని ఉంచితే వింటేజ్ నమోదుకు అర్హత పోవచ్చు. పాత పెట్రోలు ఇంజను వెదికి అమర్చినా, దాని సంఖ్య నమోదు పత్రంలోని సంఖ్యతో సరిపోదు. అందువల్ల ఇంజను మార్చిన ప్రతిసారీ రవాణా కార్యాలయంలో నమోదు చేయించి, ఆ కాగితాలను దాచుకున్నవారికే తరువాత మేలు జరుగుతుంది.

తెలుగు ప్రాంతాలలో

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనలో ఉన్న 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఈ ప్రాంతపు పాత కార్లలో ప్రసిద్ధమైనది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో దీనిని తయారుచేయడానికి ఆదేశించారు. 1911లో ఆయన మరణించిన తరువాత ఇది వచ్చింది. వెనుక భాగంలో సింహాసనం వంటి ఎత్తయిన సీటు దీని ప్రత్యేకత. ఊరేగింపుల కొరకు తయారైన ఇటువంటి కారులో సీటును సౌకర్యం కొరకు మార్చితే, ఆ కారు ఎందుకు తయారైందన్న సంగతే చెరిగిపోతుంది.

సామాన్యుల కార్ల విషయంలో విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాదు రాణీగంజ్ వంటి చోట్ల ఉన్న పనివారు, విడిభాగాల దుకాణాలే ఆధారం. కొత్త రేకు దొరకని చోట పాత రేకును సుత్తితో సాగదీసి, కొలత తీసి అతికించే టింకరింగ్ పనివారు, దొరకని భాగాన్ని లేత్ మీద తయారుచేసే పనివారు ఈ రంగానికి ప్రాణం. లప్పం మందంగా పెట్టి సొట్టను కప్పడం తేలిక, చవక. కాని కొన్నాళ్ళకు లోపల తుప్పు పట్టి లప్పం ఊడిపోతుంది. రేకును సరిచేసే నైపుణ్యం ఒకరినుండి ఒకరు పనిలోనే నేర్చుకునేది. పాత కార్లు రోడ్డుమీద తిరిగి, వాటికి పని దొరికితేనే ఆ విద్య నిలుస్తుంది. ఈ విధంగా వినియోగం కూడా అసలుతనానికి తోడ్పడుతుంది.

నిర్ణయానికి తోడ్పడే విషయాలు

దేవాలయాల జీర్ణోద్ధరణలో కూడా ఇటువంటి భేదమే కనిపిస్తుంది. నిత్యపూజలు జరిగే గుడిలో శిథిలమైన ధ్వజస్తంభాన్ని మార్చి కొత్తది ప్రతిష్ఠిస్తారు. పురావస్తు శాఖ రక్షణలోని శిథిలాలయంలో విరిగిన శిల్పాన్ని విరిగినట్లే ఉంచుతారు. రెండూ సరైనవే, ప్రయోజనాలు వేరు. కార్ల విషయంలో కూడా పని మొదలుపెట్టేముందు కింది విషయాలు తేల్చుకోవడం మంచిది.

అరుదు: ఆ నమూనాలో ఎన్ని కార్లు మిగిలాయి? మిగిలినవి కొన్నే అయితే మార్పువల్ల జరిగే నష్టం ఎక్కువ.

మిగిలిన అసలుతనం: అసలు రంగు, సీట్లు, ఇంజను ఉన్న కారును కదిలించకపోవడమే ఉత్తమం. అప్పటికే అనేకసార్లు మారిన కారులో యజమానికి స్వేచ్ఛ ఎక్కువ.

ప్రయోజనం: ప్రదర్శనకా, ర్యాలీలకా, కుటుంబ ప్రయాణాలకా అన్నది ముందే నిర్ణయించుకోవాలి. సగం పని అయిన తరువాత ఉద్దేశం మారితే ఖర్చు రెట్టింపవుతుంది.

తిరిగి మార్చగలగడం: మరలు విప్పి తీయగలిగిన మార్పుకు, కోసి అతికించిన మార్పుకు చాలా తేడా ఉంది. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెడితే మళ్ళీ డైనమో పెట్టవచ్చు. ఛాసిస్‌ను కోస్తే ఆ కోత శాశ్వతం.

నమోదు: విప్పకముందు ఛాయాచిత్రాలు తీయడం, తీసిన భాగాలకు చీటీలు కట్టి దాచడం, అసలు రంగును చిన్న ముక్క మేరకైనా ఒక మూల వదిలివేయడం తక్కువ ఖర్చుతో జరిగే పనులు.

ఈ పద్ధతి పాటించిన యజమాని తన కారును తనకు నచ్చినట్లు నడుపుకోవచ్చు. ఆ తరువాత అది ఎవరి చేతికి వచ్చినా, కావాలనుకుంటే దానిని వెనుకటి రూపానికి తీసుకువెళ్ళే అవకాశం వారికి మిగిలి ఉంటుంది.